స్తంభాల కాసు

"బంగారం పెరుగుతుందా? తెలియక అడుగుతున్నాను. అదేమన్నా పాదులో పెట్టిన తీగా, నీళ్ళు పోస్తే ఎదగడానికి?"

బావగారు చీటీని బల్ల మీద పరిచి పెన్సిల్ మొనతో రెండుసార్లు పొడిచారు. ఆయన లెక్కల మాస్టారు. ఇంట్లో మాట్లాడినా వెనకాల నల్లబల్ల ఉన్నట్టే మాట్లాడతారు.

"చూడండి అందరూ. ముప్పై ఏళ్ళ కిందట కంసాలి నాన్నకి రాసిచ్చిన తూకం ఇది. రెండు పాయింట్ మూడు రెండు తులాలు. పదితో హెచ్చవేస్తే ఇరవై మూడు గ్రాముల చిల్లర. నిన్న నగల దుకాణంలో కాటా ఎంత చూపించింది?"

"ఇరవై ఏడు," అన్నారు మా ఆయన, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా.

"ఇరవై ఏడు పాయింట్ సున్నా నాలుగు. ఆ సున్నా నాలుగు ఎందుకు మింగుతావు?"

మింగడం అన్న మాట వినగానే నా చూపు బల్ల కిందికి పోయింది. మా పాప బుడ్డిది అక్కడ కూర్చుని చెంచాతో నేలని కొడుతోంది. చేతిలో చెంచా ఒక్కటే. నోట్లో ఏమీ లేదు. మళ్ళీ చూశాను. ఏమీ లేదు.

"అంటే దాదాపు నాలుగు గ్రాములు ఎక్కువ," అన్నారు బావగారు. "పైగా నాన్న ఉన్నప్పుడు నల్లగా, మట్టి కొట్టుకుని ఉండేది. ఇప్పుడు తళతళలాడిపోతోంది. ఇది ఆ కాసు కాదు. ఎవరో అసలుది తీసి ఇది పెట్టారు."

"దొంగతనం చేసేవాళ్ళు ఎక్కువ బరువున్నది పెట్టి పోతారా అన్నయ్యా?"

"కంగారులో ఉన్నవాళ్ళు తూకం చూసుకోరు."

వంటగది గుమ్మంలోంచి మా తోడికోడలు అందుకుంది. "అందరికీ తూకాలు తెలియాలంటే ఎలాగండీ? కొందరి చదువు తొమ్మిదితోనే ఆగిపోయె."

నవ్వుతూనే అంది. అక్క ఏదన్నా నవ్వుతూనే అంటుంది. తర్వాత నిలదీద్దామంటే పట్టుకోవడానికి పిడి దొరకదు.

గొడవకి కారణమైనది బల్ల మధ్యలో చేతిరుమాలు మీద ఉంది. గుండ్రంగా ఉండదు. ఎవరో తొందరలో కత్తిరించినట్టు మూలలుంటాయి. ఒక పక్క శిలువ, దాని సందుల్లో సింహాలు, కోటలు. రెండో పక్క అలల మీద నిలబడ్డ రెండు స్తంభాలు. అందుకే అత్తయ్య దాన్ని స్తంభాల కాసు అంటారు. మామయ్యగారు రేవులో డ్రెడ్జర్ మీద పనిచేసిన రోజుల్లో, పూడిక మట్టిలో ఆయన చేతికి దొరికింది. ఎప్పుడో మునిగిపోయిన విదేశీ ఓడలోది అనేవారు.

దాన్ని అమ్ముదామని ఎవరూ అనుకోలేదు. రేవు మ్యూజియం వాళ్ళు ఒక అద్దాల పెట్టె ఖాళీ చేసి పెట్టారు. కాసు ఎవరి చేతికి దొరికిందో తెలిసేలా మామయ్యగారి పేరు రాసిన అట్టముక్క కూడా సిద్ధం చేశారు. నాణెం నిజమైనదేనని నిపుణుడి చేత కాగితం రాయించి తెమ్మన్నారు, అంతే. వెళ్ళబోయే ముందు ఇంట్లోవాళ్ళమే ఒకసారి తూయిద్దామనుకోవడం ఇంత పని చేసింది.

"మీ నాన్న మాట అబద్ధం కాదు," అన్నారు అత్తయ్య. అప్పటిదాకా ఆవిడ కుర్చీలో కదలకుండా కూర్చున్నారు. "ఆ కంసాలి గీటురాయి మీద గీసి చూస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. తూకం ఒక్కటీ రాసివ్వు, గీతలు నాకక్కర్లేదు, ఇది నా చేతికి దొరికింది, నాకు తెలుసు అన్నారు. నేనూ ఉన్నాను అక్కడ. ముప్పై ఏళ్ళలో ఒక్కరోజు కూడా నేను ఆయన మాట శంకించలేదు. మారింది కాసే."

ఆ మాటతో గదిలో అందరికీ చూడ్డానికి ఒకే మనిషి మిగిలింది.

బీరువా తాళాలు ఏడాదిన్నరగా నా దగ్గరే ఉన్నాయి. మామయ్యగారు పోయిన నెల రోజులకి అత్తయ్యే పిలిచి ఇచ్చారు. ఆరోజు అక్క నవ్వలేదు.

"సరే," అన్నారు బావగారు చీటీ మడుస్తూ. "మ్యూజియం వాళ్ళు చెప్పిన ఆ భూతద్దం ఆయన దగ్గరికి ఇప్పుడే వెళ్దాం. ఆయనే తేలుస్తాడు. ఇది దొంగ కాసని తేలితే తాళాలు ఇక్కడ పెట్టి మీరు ముగ్గురూ వేరే ఇల్లు చూసుకోండి. పోలీసుల దాకా పోను. బుడ్డిదాని మొహం చూసి."

బుడ్డిది తన పేరు విని చెంచా ఆపింది. నాలుగేళ్ళు పోతే ఇది బావగారు పనిచేసే బడికే వెళ్తుంది. దొంగదాని కూతురని అక్కడ ఎవరైనా అంటే, ఇంటికొచ్చి నన్నే అడుగుతుంది.

నేను కాసు మార్చలేదు. కానీ దాన్ని ముట్టుకోనే లేదని గట్టిగా అనలేను.

నాలుగు నెలల కిందట ఒక మధ్యాహ్నం అత్తయ్య కాసుని చూసుకుంటానని తీయించుకుని, మంచం మీద మర్చిపోయి లేచారు. నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి బుడ్డిది బుగ్గ ఒకవైపు ఉబ్బి ఉంది. వేలు పెట్టి తీశాను. ఎక్కడి మట్టి, ఎన్నేళ్ళ మట్టి! పాలసీసాతో పాటు ఆ కాసుని కూడా గిన్నెలో వేసి పది నిమిషాలు మరగబెట్టాను. సబ్బుపొడి వేసి పళ్ళ బ్రష్‌తో తోమాను. నీళ్ళు నల్లగా దిగాయి. కాసు నిన్నగాక మొన్న పుట్టినట్టు బయటికొచ్చింది.

దీన్ని కడగొద్దు, రేవు మట్టి దాని ఒంటి మీదే ఉండనీ అని మామయ్యగారు ఎన్నిసార్లు చెప్పారో అప్పుడు గుర్తొచ్చింది. రుమాల్లో చుట్టి బీరువాలో పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు.

*

బస్సులో మా ఆయన నా పక్కన కూర్చున్నారు. బావగారు, అత్తయ్య ముందు సీట్లో. కాసు బావగారి జేబులో ఉంది. జేబు మీద చెయ్యి ఉంది.

"నీకేమన్నా తెలుసా?" అన్నారు మా ఆయన నెమ్మదిగా.

"ఏం తెలియాలి?"

"కాసు సంగతి."

"మీరూ అడుగుతున్నారా?"

"అడగడం కాదు. ఊరికే అంటున్నాను."

"అనడానికీ అడగడానికీ మధ్య ఎంత దూరమండీ? ఈ బస్సు వెళ్తుందా అక్కడికి?"

ఆయన కిటికీ వైపు తిరిగారు. బుడ్డిది మా ఇద్దరి మధ్య నిలబడి ఆయన చొక్కా గుండీ నోట్లో పెట్టుకోబోయింది. ఇద్దరం ఒకేసారి చెయ్యి అడ్డం పెట్టాం. ఆ కాస్తసేపు మాత్రం మేం ఒక పక్షంలో ఉన్నట్టనిపించింది.

*

భూతద్దం ఆయన పాత స్టాంపులు, నాణేలు అమ్మే దుకాణం వెనక గదిలో కూర్చుంటారు. మ్యూజియంలో నాణేల గది ముప్పై ఏళ్ళు చూసి రిటైరైన మనిషి. ఒక కన్ను ఎప్పుడూ సగం మూసే ఉంటుంది. బల్ల మీద చిన్న కాటా, వంగే దీపం, గ్లాసుడు నీళ్ళు, దారం ఉండ. వాటి చుట్టూ చిల్లర నాణేలు చిందరవందరగా. అన్నీ గొంతులో ఇరుక్కునే సైజువే.

"అత్తయ్యా, బుడ్డిదాన్ని కాస్త మీరు పట్టుకోండి. బల్లకి దూరంగా," అన్నాను. ఆవిడ తీసుకుని గోడవారగా ఉన్న కుర్చీలో కూర్చున్నారు.

ఆయన కాసుని రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని ఎత్తారు. "దీని మొహం మీద వేలు వేయకూడదు, పౌరుషం ఎక్కువ," అన్నారు. తర్వాత కాటా మీద పెట్టి, చీటీ చూసి, చీటీ పక్కన బావగారు వేసిన లెక్క చూశారు.

"ఈ లెక్క ఎవరు వేశారు?"

"నేనేనండీ. లెక్కల మాస్టారిని."

"ఏ తులం?"

"ఏ తులమేమిటి? తులమంటే తులమే. పది గ్రాములు."

"అది ఇప్పుడు. లెక్క తేలిగ్గా ఉంటుందని దుకాణాల వాళ్ళు పది చేసుకున్నారు. ఈ చీటీ రాసిన కంసాలి పాతకాలపు రాళ్ళతో తూచాడు. ఆయన తులం పదకొండు గ్రాముల అరవై ఆరు. కానివ్వండి, మళ్ళీ వేయండి."

బావగారు పెన్సిల్ తీశారు. నేను అరచేతిలో వేలితో వేసుకున్నాను. రెండు తులాలకి ఇరవై మూడుంపావు దాటింది. మిగిలిన నూటికి ముప్పై రెండు వంతులకి మూడున్నర దాటింది.

"ఇరవై ఏడు," అన్నాను. పైకే అనేశాను.

బావగారి పెన్సిల్ ఇంకా దశాంశాల దగ్గరే ఉంది. "ఇరవై ఏడు పాయింట్ సున్నా అయిదు," అన్నారు చివరికి, కాగితంతో చెబుతున్నట్టు.

"కాటా సున్నా నాలుగంటోంది. కంసాలి రాళ్ళకి ఆ పిసరంత తేడా పెట్టొచ్చు." భూతద్దం ఆయన నా వైపు తిరిగారు. "ఏం చదువుకున్నావమ్మా?"

"తొమ్మిదండీ. అది కూడా పూర్తిగా కాదు."

"పూర్తయ్యుంటే నాకు పని లేకుండా చేసేదానివి."

మా ఆయన దగ్గారు. నవ్వు దాచుకోవడానికని నాకు తెలుసు. బావగారు పెన్సిల్ జేబులో పెట్టుకున్నారు. మొన గుడ్డకి గుచ్చుకుంది కూడా.

ఆయన కాసుకి దారం కట్టి గ్లాసులో మునిగేలా వేలాడదీసి ఇంకోసారి తూచారు. "ఇత్తడైతే నీళ్ళకి ఎనిమిదిన్నర రెట్లు బరువు. సీసమైతే పదకొండు. ఇది పదిహేడున్నర దాటింది. బంగారమే, కొద్దిగా వెండీ రాగీ కలిసిన బంగారం." దాన్ని తుడవకుండా మెత్తటి గుడ్డ మీద ఒత్తి, దీపం వంచి భూతద్దం పెట్టుకున్నారు.

ఇక ఎంతసేపు చూశారో. బుడ్డిది అత్తయ్య గాజులు లెక్కపెడుతున్నట్టు ఒక్కొక్కటే పైకీ కిందికీ జరుపుతోంది.

"రండి మాస్టారూ, మీరే చూడండి. పోత పోసినదైతే అక్షరాలు కరిగిన మైనంలా ఉంటాయి. ఇది సుత్తితో కొట్టినది. మొదటి దెబ్బ సరిగ్గా పడలేదు, కొట్టినవాడు ఇంకోటి వేశాడు. అందుకే ఈ స్తంభం పక్కన దాని నీడలా ఇంకో స్తంభం ఉంది. స్పెయిన్ రాజు కోసం సముద్రానికి అవతల, వాళ్ళు ఏలిన దేశంలో కొట్టారు. ఈ ఎల్ దీన్ని కొట్టిన ఊరి టంకశాల గుర్తు. ఈ ఎమ్ ఉంది చూశారూ, అది బంగారం పరీక్షించిన అధికారి అక్షరం. తేడా వస్తే నాదే పూచీ అని ప్రతి కాసు మీదా తన అక్షరం కొట్టించుకునేవాడు."

"అయితే నిజమైనదేనా?" అన్నారు మా ఆయన.

"తొందరపడకండి." భూతద్దం దించలేదు ఆయన. "దీన్ని ఎవరు కడిగారు?"

కడిగారా అని అడగలేదు. ఎవరు అని అడిగారు.

బావగారు మెల్లగా నా వైపు తిరగడం చూశాను. ఆయన పూర్తిగా తిరిగే లోపే చెప్పేశాను. "నేనండీ. బుడ్డిది నోట్లో పెట్టుకుంది. పాలసీసాతో పాటు మరగబెట్టి సబ్బుపొడితో తోమాను."

"ఎప్పుడు?" అన్నారు మా ఆయన.

"నాలుగు నెలలైంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే పిల్ల నోట్లోకి ఎలా వెళ్ళిందని అడుగుతారు. అప్పుడు నువ్వేం చేస్తున్నావని అడుగుతారు."

అత్తయ్య బుడ్డిదాని జుట్టు సర్దుతున్నారు. కాసు మంచం మీద మర్చిపోయింది తనేనని ఆవిడ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

"పిల్ల నోట్లోంచి తీసిందాన్ని ఎవరైనా కడుగుతారు," అన్నారు భూతద్దం ఆయన. "మా ఆవిడైతే నన్ను కూడా అదే గిన్నెలో వేసి మరగబెట్టేది. కానీ అమ్మా, ఆ మట్టి పోవడం నాకు బాధే. ఇది రేవు అడుగు నుంచి వచ్చిందని చెప్పడానికి అదొక్కటే సాక్ష్యం. నీ బ్రష్ గీతలు కూడా సన్నగా పడ్డాయి, అవి పోవు. అయినా కాసు కాసే. దొంగది కాదు, మార్చిందీ కాదు. ఈ తూకం, చీటీలో తూకం ఒకటే."

నా భుజాలు ఇంత సేపూ పైకి బిగబట్టుకుని ఉన్నాయని అవి కిందికి దిగినప్పుడు తెలిసింది.

"విన్నారా?" అన్నారు అత్తయ్య. "మీ నాన్న ఏనాడూ అబద్ధం చెప్పలేదు."

బావగారు నా వైపు చూసి ఏదో అనబోయారు. ఏం అనేవారో ఇప్పటికీ తెలియదు. ఎందుకంటే భూతద్దం ఆయన కాగితం తీసి రాయడం మొదలుపెట్టి, సగంలో కలం ఆపారు.

"ఒక్కటుంది. రాయక తప్పదు." కాసుని గుడ్డ మీద స్తంభాలు పైకి ఉండేలా పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించారు. "అంచున ఒకచోట గీటురాయికి రుద్దిన గుర్తుంది."

"ఉండదండీ," అన్నారు బావగారు. "మా నాన్న గీయనివ్వలేదు. ఆ సంగతి మా ఇంట్లో కథలా చెప్పుకుంటాం."

"ముప్పై ఏళ్ళ గుర్తు కాదిది. అంత పాతదైతే చేతుల్లో నలిగి నునుపెక్కేది. ఇంకా మొరటుగా ఉంది. ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. దాని మీదుగా ఈ అమ్మాయి బ్రష్ గీతలు పోతున్నాయి. అంటే కడగడానికి ముందే ఎవరో దీన్ని కంసాలి దగ్గరికి తీసుకెళ్ళారు. అసలు బంగారమేనా అని గీయించి చూసుకున్నారు."

ఏడాదిన్నర. మామయ్యగారు పోయి అంతే అయింది. తాళాలు నాకొచ్చిందీ దాదాపు అప్పుడే.

"అమ్మాయ్," అన్నారు బావగారు. ఈసారి అరవలేదు. అరవకపోవడమే ఎక్కువ భయమేసింది. "కడిగింది ఒప్పుకున్నావు. ఇది కూడా ఒప్పేసుకో. ఎంతొస్తుందో కనుక్కుందామని తీసుకెళ్ళావా?"

"నేను కాదు బావగారూ."

"పొద్దున్న కడిగిన సంగతి కూడా నువ్వు చెప్పలేదుగా."

మా ఆయన వైపు చూశాను. ఆయన గ్లాసులో నీళ్ళ వైపు చూస్తున్నారు. అంటున్నారో అడుగుతున్నారో కూడా తెలియనంత మౌనం.

"పోనీలే బాబూ," అన్నారు అత్తయ్య గోడవార నుంచి, తొందర తొందరగా. "అంత చిన్నదానికి ఎందుకు కాగితం ఆపడం? శిలువ పక్క, కింది మూలన ఆవగింజంత గీతే కదా. అది రాయకపోతే ఏమవుతుంది?"

గుర్తు ఎక్కడుందో భూతద్దం ఆయన ఇంకా చెప్పలేదు. శిలువ పక్క గుడ్డకి ఆని ఉంది. పైన ఆయన అరచెయ్యి ఉంది.

ఆయన నెమ్మదిగా చెయ్యి తీసి, కాసుని తిప్పి, కింది మూల చూసుకున్నారు. మళ్ళీ స్తంభాలు పైకి తిప్పి పెట్టేశారు. ఏమీ అనలేదు. బావగారు ఇంకా నన్నే చూస్తున్నారు కాబట్టి అది చూడలేదు. మా ఆయన నీళ్ళనే చూస్తున్నారు కాబట్టి ఆయనా చూడలేదు.

అత్తయ్య మాత్రం చూశారు. అప్పుడు నా కళ్ళలోకి చూశారు.

ముప్పై ఏళ్ళలో ఒక్కరోజు కూడా శంకించలేదన్న మనిషి. ఆయన పోయాక, ఇక అడిగినా చెప్పేవాళ్ళు లేరని తేలాక, ఒంటరిగా ఏ కంసాలి గుమ్మమో ఎక్కి, గీయవయ్యా అని ఉంటారు. గీతలో బంగారం కనబడ్డాక, శంకించిన సిగ్గుతో ఆ తాళాలు ఇంక తన దగ్గర ఉంచుకోలేక పిలిచి నాకిచ్చి ఉంటారు. ఆ ఒక్క మాట చెప్పుకోలేక ఇవాళ నన్ను దొంగలా నిలబెట్టారు.

"గుర్తు ఉందని రాయాల్సిందే," అన్నారు భూతద్దం ఆయన. "నా కాగితం కింద నా సంతకం ఉంటుంది. ఎవరు గీయించారో చెబితే ఆ పేరు రాస్తాను. లేదంటే తెలియదని రాస్తాను. మ్యూజియం వాళ్ళు దీన్ని మీ పెద్దాయన పేరు పక్కనే పెడతారు. ఏం రాయమంటారు?"

ఆ అడగడం అందరినీ అడిగినట్టే ఉంది. కానీ కలం మా అత్తాకోడళ్ళ వైపే తిరిగి ఉంది.

"చెప్పమ్మాయ్," అన్నారు బావగారు.

ఆ పేరు చెప్పాల్సింది నేను కాదు. గోడ దగ్గరికి నడిచి రెండు చేతులూ చాచాను. "బుడ్డిదాన్ని ఇలా ఇవ్వండి అత్తయ్యా."

బుడ్డిది నా మీదికి వంగింది. ఆవిడ చేతులు వదల్లేదు.